రిటైరైనవాళ్ల ఆరోగ్య బీమాకి మన పక్షాన మాట్లాడే ఏజెంట్‌ని ఎంచుకోవడం ఎలా?

నాన్న రిటైరైన నెలలోనే మా ఇంటికి ముగ్గురు వచ్చారు. ఒకాయన మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఏజెంట్. ఒకమ్మాయి బ్యాంకు నుంచి వచ్చింది. మూడో ఆయన మా బాబాయికి స్నేహితుడు. ముగ్గురూ మూడు వేర్వేరు పాలసీలు చూపించి, అరవై దాటినవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదన్నారు. రోజూ లిఫ్టులో కనిపించే మనిషి కదా అని మొదటాయన దగ్గరే తీసుకున్నాం. రెండేళ్లకి నాన్నకి స్టెంట్ వేయాల్సి వచ్చింది. క్లెయిమ్ తిరస్కరించారు. ఎందుకో కింద ఆరో అడుగులో చెప్తాను.

ఆ తర్వాత అమ్మానాన్నలకి మళ్లీ పాలసీ వెతకడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ తిరుగుడులో ఒక సంగతి అర్థమైంది. ఏజెంటు మంచివాడా, మర్యాదస్తుడా అని చూడటం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఆయన ఎవరి తరఫున పనిచేస్తున్నాడు, పాలసీలో లోపం ఉంటే నోరు తెరిచి చెప్తున్నాడా, చెప్పింది రాసి ఇస్తున్నాడా అన్న మూడూ చూడాలి.

మొదటి అడుగు: ఇప్పటికే చేతిలో ఉన్నదేమిటో లెక్క చూసుకోండి

ఏజెంటుకి ఫోన్ చేసే ముందు ఒక కాగితం తీసుకుని కూర్చోండి. చాలా ఇళ్లలో ఏదో ఒక రక్షణ ముందే ఉంటుంది, కానీ దాని సంగతి ఎవరూ గుర్తుచేయరు.

రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లైతే ఈహెచ్ఎస్, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లైతే సీజీహెచ్ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఉంటాయి. ప్రైవేటు కంపెనీలో ఈఎస్ఐ కింద కనీసం ఐదేళ్లు పనిచేసి, రిటైర్మెంట్ వయసు వచ్చి మానేసినవాళ్లు ఏడాదికి రూ.120 కట్టి, భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. రూ.1,200 కాదు, నూట ఇరవై రూపాయలే. ఈ సంగతి తెలియక వదిలేసుకున్నవాళ్లని నేను చూశాను.

70 ఏళ్లు నిండినవాళ్లకి 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆదాయంతో సంబంధం లేదు. కుటుంబంలో 70 దాటినవాళ్లందరికీ కలిపి ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం. ప్రైవేటు పాలసీ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల పథకం) లాంటి ప్రభుత్వ పథకాల్లో ఉన్నవాళ్లు మాత్రం అదో ఇదో ఎంచుకోవాలి. మీరు వెళ్లే ఆసుపత్రి ఈ పథకంలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇక కంపెనీ గ్రూప్ పాలసీ. ఉద్యోగం మానేస్తే అది ఆగిపోతుంది. అయితే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉంటుంది. గ్రూప్‌లో గడిపిన ఏళ్లు వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలంలో, కలిసొస్తాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి ఇది బంగారం లాంటి అవకాశం. రిటైర్మెంట్ తేదీకి రెండు నెలల ముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. ఆఖరి రోజు దాటాక అడిగితే దారి మూసుకుపోవచ్చు.

ఈ కాగితం దాచుకోండి. ఏజెంటుని పరీక్షించడానికి ఇదే పనికొస్తుంది.

రెండో అడుగు: ఎవరు ఎవరి మనిషో తెలుసుకోండి

'ఇన్సూరెన్స్ ఏజెంట్' అని మనం అందరినీ ఒకే మాటతో పిలుస్తాం కానీ, చట్టం దృష్టిలో వీళ్లు వేర్వేరు.

మామూలు ఏజెంటు కంపెనీ ప్రతినిధి. నిబంధనల ప్రకారం ఆయన ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి పనిచేయొచ్చు. అంటే ఆరోగ్య పాలసీల విషయంలో ఆయన సంచిలో ఉండేవి మహా అయితే రెండు కంపెనీలవి. 'మార్కెట్లో ఇదే బెస్ట్' అని ఆయన అన్నప్పుడు, ఆ మార్కెట్ రెండు దుకాణాలదే. ఇందులో ఆయన తప్పేమీ లేదు. మనం ఆ మాటని ఎంతవరకు తీసుకోవాలో తెలిస్తే చాలు.

బ్యాంకు కార్పొరేట్ ఏజెంటు. ఒక్కో విభాగంలో తొమ్మిది కంపెనీల వరకు ఒప్పందం పెట్టుకోవచ్చు. కానీ కౌంటర్లో కూర్చున్నవాళ్లకి నెలనెలా టార్గెట్ ఉంటుంది. పైగా మన ఖాతాలో రిటైర్మెంట్ డబ్బు ఎంత పడిందో వాళ్లకి కనిపిస్తుంది. ఆరోగ్య బీమా అడిగితే పదేళ్లు కట్టే పెట్టుబడి ప్లాన్ చూపించడం మొదలుపెట్టారంటే, మర్యాదగా లేచి వచ్చేయండి.

బ్రోకర్‌కి అన్ని కంపెనీల పాలసీలూ అమ్మే లైసెన్సు ఉంటుంది. చట్టప్రకారం ఆయన కస్టమర్ తరఫు మనిషి. నిష్పక్షపాతానికి కాగితం మీదైనా దగ్గరగా ఉన్నది ఈ వర్గమే. ఫోన్ యాప్‌లలో పాలసీలు అమ్మే పెద్ద సంస్థల్లో కొన్నిటిది కూడా బ్రోకర్ లైసెన్సే. అయితే బ్రోకర్‌కీ డబ్బు వచ్చేది బీమా కంపెనీ ఇచ్చే కమీషన్ నుంచే. అందుకని బ్రోకర్ అనగానే కళ్లు మూసుకుని సంతకం పెట్టకండి.

పీవోఎస్‌పీ (పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్) అని ఇంకొకరుంటారు. కొద్ది గంటల శిక్షణతో, ఏదో ఒక కంపెనీ కిందో బ్రోకర్ కిందో పనిచేసేవాళ్లు. వీళ్లని 'మీరు ఎవరి కింద రిజిస్టర్ అయ్యారు?' అని అడిగితే సరిపోతుంది.

కమీషన్ గురించి రెండు మాటలు. 2023 మార్చి దాకా ఆరోగ్య పాలసీల మీద 15 శాతం అని పరిమితి ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి తీసేశారు. ఇప్పుడు కంపెనీ మొత్తం ఖర్చుల మీదే హద్దు ఉంది, ఎవరికెంత ఇవ్వాలో కంపెనీ బోర్డు నిర్ణయిస్తుంది. కాబట్టి ఒకే మనిషికి ఒక్కో కంపెనీ ఒక్కో రేటు ఇవ్వొచ్చు. కమీషన్ తీసుకోవడం నేరం కాదు, అది ఆయన కష్టానికి జీతం. దాని గురించి అడిగినప్పుడు దాటవేస్తేనే అనుమానించాలి. 'నా కమీషన్‌లో సగం మీకిస్తాను' అనేవాళ్ల దగ్గర అసలు తీసుకోకండి. బీమా చట్టం 41వ సెక్షన్ అలాంటి రిబేటుని నిషేధించింది. మొదటి రోజే చట్టం తప్పినవాడు క్లెయిమ్ రోజు మన పక్కన నిలబడతాడని నాకు నమ్మకం లేదు.

మూడో అడుగు: పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

'పాలసీ ఎవరి దగ్గర తీసుకున్నారు?' అని అడగకండి. 'మీకు క్లెయిమ్ వచ్చిందా? అప్పుడు ఏజెంటు ఏం చేశాడు?' అని అడగండి. పాలసీ కొన్న మనిషి చెప్పేదానికీ, ఆసుపత్రిలో పడుకుని లేచిన మనిషి చెప్పేదానికీ చాలా తేడా ఉంటుంది. ఉదయం పార్కులో నడిచే పెద్దవాళ్లు, పెన్షనర్ల సంఘం, గుడి దగ్గర కలిసేవాళ్లు, వీళ్లలో గత రెండేళ్లలో ఆసుపత్రిలో చేరినవాళ్లు ముగ్గురైనా ఉంటారు.

ఇంకో మంచి చోటు, మీరు మామూలుగా వెళ్లే ఆసుపత్రిలోని ఇన్సూరెన్స్ డెస్క్. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లి, ఏ కంపెనీల అప్రూవల్ త్వరగా వస్తోంది, ఏవి పదేపదే ప్రశ్నలు పంపుతున్నాయి అని అడగండి. వాళ్లు రోజూ ఆ పనిలోనే ఉంటారు. నాకు ఈ ఒక్క సంభాషణ పది వీడియోలకన్నా ఎక్కువ నేర్పింది.

మొత్తం మూడు పేర్లు రాసుకోండి. అందులో కనీసం ఒకరు బ్రోకర్ అయ్యేలా చూసుకోండి.

నాలుగో అడుగు: లైసెన్సు చూడండి

ఇది పది నిమిషాల పని. ఏజెంటుకి లైసెన్సు లేదా కోడ్ నంబరు ఉంటుంది, అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్లో ఏజెంట్ల వివరాలూ, రిజిస్టర్డ్ బ్రోకర్ల జాబితా చూసుకోవచ్చు. పేరు, కంపెనీ, గడువు సరిపోయాయో లేదో చూడండి. ఈ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నారో కూడా కనుక్కోండి. బంధువుల కోసం ఏడాది చేసి మానేసేవాళ్లు చాలామంది. మనకి కావలసింది మన 80వ ఏట కూడా ఫోన్ ఎత్తే మనిషి.

ఐదో అడుగు: అమ్మకం మాట మొదలవకముందే ఈ ప్రశ్నలు అడగండి

ముగ్గురినీ ఇవే అడగండి. జవాబులు మీ చేత్తో రాసుకోండి.

'మా దగ్గర ఇప్పటికే ఇవి ఉన్నాయి, ఇంకా పాలసీ అవసరమా?' అని మొదటి అడుగులో రాసిన కాగితం చూపించండి. గ్రూప్ పాలసీ నుంచి మారే అవకాశం ఉన్నప్పుడు, ఆ సంగతి తానుగా చెప్పే ఏజెంటు దొరికితే ఆయన్ని వదలకండి. దానివల్ల ఆయనకి రూపాయి రాకపోవచ్చు, అయినా చెప్పాడు. మాకు దొరికిన బ్రోకరు మా అమ్మ విషయంలో, 'ఆవిడకి ఉన్న పాలసీ ఆపొద్దు, దానిమీద టాప్-అప్ చాలు' అన్నాడు. టాప్-అప్ అంటే ఉన్న కవర్‌ని మించిన ఖర్చుకి తోడుగా తీసుకునే పాలసీ. కొత్త పాలసీ అమ్మి ఉంటే ఆయనకి ఎక్కువే వచ్చేది. ఆ ఒక్క మాటతోనే నేను ఆయన దగ్గర ఆగిపోయాను.

'ఈ పాలసీలో మాకు నచ్చని విషయం ఏమిటి?' అని అడగండి. ఏ పాలసీకైనా ఒక లోపం ఉంటుంది. కో-పే (క్లెయిమ్‌లో మనం కట్టాల్సిన వాటా) ఉంటుంది, లేకపోతే ప్రీమియం ఎక్కువ, లేకపోతే మన ఊళ్లో నెట్‌వర్క్ ఆసుపత్రులు (కంపెనీతో ఒప్పందం ఉన్నవి) తక్కువ. 'ఏమీ లేదండీ, అన్నీ కవర్ అవుతాయి' అన్నారంటే ఆయన పాలసీ చదవలేదు, లేదా చెప్పదలచుకోలేదు.

'మీరు ఎన్ని కంపెనీలవి అమ్ముతారు? మిగతావాటిలో మాకు సరిపోయేది ఉంటే పేరు చెప్తారా?'

'గత ఏడాది మీ కస్టమర్లలో ఎవరి క్లెయిమైనా తిరస్కరించారా? ఎందుకు? మీరేం చేశారు?' పేర్లు అక్కర్లేదు, కారణం కావాలి. పదేళ్లుగా ఈ పనిలో ఉండి ఒక్క తిరస్కరణా చూడలేదంటే నమ్మడం కష్టం.

'రాత్రి పదింటికి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?' ఆయన సొంత నంబరు ఇచ్చి, తను ఊళ్లో లేకపోతే ఎవరు చూస్తారో కూడా చెప్తే మంచి గుర్తు.

'ఈరోజే కట్టకపోతే ఆఫర్ పోతుంది' అన్న మాట వినిపిస్తే అక్కడితో ఆపేయండి. ఆరోగ్య బీమాలో ఒక వారం ఆలోచిస్తే నష్టమేమీ లేదు. ఒక్కటే మినహాయింపు: పాత పాలసీ గడువు ముగుస్తుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఈ ప్రశ్నలయ్యాక ముగ్గురికీ ఒకే వివరాలు ఇవ్వండి: వయసులు, జబ్బులు, వాడే మందులు, ఊరు, వెళ్లే ఆసుపత్రి. పోలిక రాతపూర్వకంగా పంపమనండి. వాట్సాప్‌లో టైప్ చేసి పంపినా చాలు. నోటితో ఎన్ని చెప్పినా అవి గాలిలో కలిసిపోతాయి.

వచ్చిన పోలికలో మొదట ప్రీమియం చూడకండి. రూమ్ రెంట్ లిమిట్, కో-పే చూడండి. ఎందుకో ఒక లెక్క వేసి చూపిస్తాను. పాలసీ రూ.5 లక్షలది. రూమ్ రెంట్ లిమిట్ 1 శాతం, అంటే రోజుకి రూ.5,000. మనకి దొరికిన గది రూ.8,000ది. ఐదు రోజులున్నాం. గది బిల్లు రూ.40,000, డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి రూ.1,60,000, మందులూ పరీక్షలూ రూ.1,00,000. మొత్తం మూడు లక్షలు. గదికి రోజుకి మూడు వేలు, ఐదు రోజులకి రూ.15,000 మన చేతినుంచి పడుతుందని అనుకుంటాం. కానీ గది అద్దె పరిమితి దాటితే డాక్టరు, థియేటర్ ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో, ఎనిమిదిలో ఐదు వంతులకి తగ్గిపోతాయి. గదికి రూ.25,000, ఆ రూ.1,60,000కి లక్ష, మందులకి లక్ష. కంపెనీ లెక్కలో తేలేది రూ.2,25,000. దానిమీద 20 శాతం కో-పే ఉంటే చేతికొచ్చేది రూ.1,80,000. మూడు లక్షల బిల్లులో రూ.1,20,000 మనమే కట్టాలి.

ఇదే లెక్కని మీ ముగ్గురు ఏజెంట్ల ముందు పెట్టి, 'మీ పాలసీలో అయితే ఎంతొస్తుంది?' అని వేయించండి. కాగితం మీద కూర్చుని వేసినవాడికి ఈ పని తెలుసు. 'అంతా క్యాష్‌లెస్సే కదండీ' (అంటే ఆసుపత్రి బిల్లు కంపెనీయే నేరుగా కడుతుందని) అనేవాడికి తెలియదు.

మిగతావి త్వరగా చూసుకోవచ్చు. ముందు నుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలే. అంతకన్నా తక్కువున్న పాలసీలూ ఉన్నాయి. శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటివాటికి విడిగా ఎదురుచూపు ఉంటుందేమో, వాటికి ఇంతే ఇస్తామని హద్దు ఉందేమో అడగండి. '65 దాటితే ఎవరూ ఇవ్వరు' అని ఎవరైనా అంటే, ఆ వయసు పరిమితి 2024లోనే తీసేశారని చెప్పండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. కాబట్టి కొటేషన్‌లో 18 శాతం కనిపిస్తే అది పాత కాగితం.

ఆరో అడుగు: ప్రపోజల్ ఫారం మీరే నింపండి

మా ఇంట్లో దెబ్బ తగిలింది ఇక్కడే. ఆ రోజు ఏజెంటు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ట్యాబ్‌లో ఒక్కో ప్రశ్నా చదువుతున్నాడు. షుగర్ ఉందా అని వచ్చింది. 'పొద్దున ఒక మాత్ర వేసుకుంటానండీ, కంట్రోల్‌లోనే ఉంది' అన్నాడు నాన్న. 'కంట్రోల్‌లో ఉంటే రాయక్కర్లేదు సార్, రాస్తే ప్రీమియం పెరుగుతుంది, మెడికల్స్ అడుగుతారు' అని 'లేదు' మీద వేలు పెట్టాడు. నాన్న ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. చదివి చెప్పాడు. అయిపోయింది. ఆ ఓటీపీయే నాన్న సంతకం.

రెండేళ్లకి ఛాతీలో నొప్పితో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు కేస్ షీట్ రాస్తూ 'షుగర్ ఎన్నాళ్ల నుంచి?' అని అడిగాడు. 'తొమ్మిదేళ్లుగా' అంది అమ్మ. నిజమే చెప్పింది. ఆ ఒక్క పంక్తి చూసి కంపెనీ, పాలసీ తీసుకునేటప్పుడు జబ్బు దాచారని క్లెయిమ్ తిరస్కరించి, పాలసీ కూడా రద్దు చేసింది. ఏజెంటుకి ఫోన్ చేస్తే 'ఫారం మీరే ఒప్పుకున్నారు కదా సార్' అన్నాడు. చట్టం కూడా అదే అంటుంది. రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ గంగలో కలిసింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

అందుకే చెప్తున్నాను. ఫారం పీడీఎఫ్‌గా పంపమనండి. రోజూ వేసుకునే ప్రతి మాత్ర పేరూ రాయండి. పాత ఆపరేషన్లు, పదేళ్లనాటి ఆంజియోగ్రామ్ కూడా రాయండి. మందుల చీటీల నకళ్లు జతచేయండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి. ఓటీపీ చెప్పే ముందు నింపిన ఫారం అంతా చదవండి. 'ఇది రాయొద్దు' అని ఏజెంటు ఒక్కసారి అన్నా సరే, ఎంత దగ్గరి బంధువైనా సరే, అక్కడితో ఆయన్ని మార్చేయండి. ఐదేళ్లు ఆపకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి వీల్లేదన్న నియమం ఉంది. దాన్ని చూపించి 'ఐదేళ్లు గడిస్తే ఏమీ చేయలేరు' అనేవాళ్లూ ఉన్నారు. అరవై దాటిన ఒంటితో ఆ జూదం ఆడొద్దు.

ఏడో అడుగు: పాలసీ చేతికొచ్చాక 30 రోజులు

పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని చిన్న పత్రం వస్తుంది. ఎదురుచూపు కాలాలు, హద్దులు, కవర్ కానివి సులువైన భాషలో అందులో ఉంటాయి. కావాలంటే తెలుగులో ఇవ్వమని అడగండి. ఏజెంటు వాట్సాప్‌లో రాసిందీ ఇందులో ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే 30 రోజుల్లోపు పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు. కొద్ది కోతలు పోను డబ్బు తిరిగొస్తుంది. ఏజెంటు చెప్పింది నిజమో కాదో తేల్చుకునే చివరి అవకాశం ఇదే.

ఎనిమిదో అడుగు: ప్రతి రెన్యువల్‌కి ఒకసారి

ఆరోగ్య పాలసీల్లో ఏజెంటుకి రెన్యువల్ మీద కూడా కమీషన్ వస్తుంది. కాబట్టి మిమ్మల్ని చూసుకోవడం ఆయనకీ లాభమే. గడువుకి రెండు నెలల ముందు ఫోన్ చేసి ప్రీమియం ఎంత పెరిగిందో అడగండి. సీనియర్ సిటిజన్ల ప్రీమియంని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమతో సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ కంపెనీలకి చెప్పింది. అయితే వయసు మెట్టు మారినందువల్ల పెరిగిందా, మొత్తం రేటే పెరిగిందా అన్నది ఏజెంటు విడమరచి చెప్పగలగాలి.

వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలంటే కనీసం నెలన్నర ముందే దరఖాస్తు చేయండి. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం వచ్చేదాకా పాతది వదలకండి. ప్రతి ఏడాదీ 'ఇంకా మంచిది వచ్చింది, మార్చేద్దాం' అనే ఏజెంటు విషయంలో జాగ్రత్త. ఏజెంటు నచ్చకపోతే పాలసీ మానేయాల్సిన పని లేదు, రెన్యువల్ నేరుగా కంపెనీలోనే కట్టుకోవచ్చు.

క్లెయిమ్ దగ్గర తేడా వస్తే

మంచి ఏజెంటు అసలు పనికొచ్చేది ఇక్కడే. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబివ్వాలి. డిశ్చార్జి అప్రూవల్ మూడు గంటల్లో రావాలి. అంతకన్నా ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు కంపెనీదే. ఈ నియమాలు 2024 మే నెలలో వచ్చాయి. డెస్క్ దగ్గర నిలబడి వీటిని గుర్తుచేసే మనిషి ఉంటే ఇంట్లోవాళ్లకి సగం టెన్షన్ తగ్గుతుంది.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. మొదట కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. అదే సమయంలో ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరుకి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయండి. కంపెనీ కాదన్నా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా బీమా వివాదాలు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఈ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రూ.50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీ పాటించి తీరాలి.

మా ఇంట్లో ఇప్పుడు బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. అందులో రెండు పాలసీ నంబర్లు, బ్రోకరు ఫోను, ఆయన లేనప్పుడు చూసే మనిషి ఫోను, కంపెనీ క్లెయిమ్ నంబరు, దగ్గర్లోని మూడు నెట్‌వర్క్ ఆసుపత్రుల పేర్లు, నాన్న వేసుకునే మాత్రల జాబితా ఉన్నాయి. కళ్లజోడు లేకుండా కూడా చదవగలిగేలా అమ్మ పెద్ద అక్షరాలతో రాసింది.